వేగమునకు గుఱి నేర్పుట

తెల్లవాఱిన తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో నడచువారికి రెండు దృశ్యములు తప్పక కనబడును. 1939వ సంవత్సరమున ప్రారంభింపబడిన ఆర్ట్సు కళాశాల భవనమునెదుట పెద్దలు ఆరోగ్యమునకై నడచుచుందురు; మైదానములలో పిల్లలు బంతులు విసరుచుందురు. అచ్చటనుండి తార్నాక వీధులలోనికి వచ్చినను అదే యాట. మూడు ఇటుకలు నిలిపి వికెట్టనుకొందురు. పక్కయింటిలో బంతి పడినచో బ్యాటు పట్టినవాడు అవుటని నియమము చేసికొందురు. ఈ వీధులలో బంతిని బలముగా విసరగల బాలురకు కొఱత లేదు. బలముగా విసరిన బంతిని తాననుకొన్న చోటికే పంపగల బాలుడు మాత్రము అరుదు.

ఈ పాఠమునకు విషయమదియే. బేస్‌బాల్ ఆటలో బంతి విసరువానిని పిచ్చరనియు, క్రికెట్టులో బౌలరనియు అందురు. పిచ్చరు నిలిచిన చోటనుండియే మోచేయి వంచి విసరును. బౌలరు పరుగెత్తి వచ్చి, మోచేతిని విసరునట్లు చాచకుండ వేయును. విధానములు వేఱైనను, లేతవయసున ఇద్దరికిని కలుగు చిక్కు ఒక్కటే: వేగము ముందు వచ్చును, అదుపు తరువాత వచ్చును. ఆ రెంటి నడుమనుండు కాలము మిక్కిలి అపాయకరమైనది. ఏలయనగా ఆ కాలముననే పెక్కుమంది బాలురు ఆటను విడిచిపెట్టుదురు; లేక పెద్దలే వారిచేత విడిపింతురు.

అదుపు కొఱకు వేగమును చంపనక్కఱలేదనియు, అదుపు పుట్టుకతో వచ్చు వరము కాదనియు, అది క్రమమైన అభ్యాసమువలనను ఓర్పుగల పెద్దలవలనను కలుగుననియు ఈ పాఠమున చూపెదను.

1. బంతి యేల దారి తప్పును?

మొదట కొలతలు తెలిసికొందము. బేస్‌బాల్ ఆటలో పిచ్చరు నిలుచు చోటికిని, ఎదుట బ్యాటు పట్టినవాని ప్రక్కనుండు హోం ప్లేటునకును దూరము 60 అడుగుల 6 అంగుళములు. ఆ ప్లేటు వెడల్పు 17 అంగుళములు మాత్రమే. బంతి ఆ వెడల్పునకు లోపలను, బ్యాటు పట్టినవాని మోకాలి క్రిందినుండి ఱొమ్ము నడిమి భాగమువఱకు గల యెత్తులోను పోవలెను. అట్లు పోనిచో, బ్యాటు పట్టినవాడు కొట్టక యూరకున్నయెడల, అది చెడుబంతి యగును. చెడుబంతులు నాలుగైనచో అతడు శ్రమలేకుండ మొదటి బేసునకు నడచిపోవును. క్రికెట్టులో వికెట్ల నడిమి దూరము 22 గజములు. మూడు కఱ్ఱల వెడల్పు కలిపి 9 అంగుళములు, ఎత్తు 28 అంగుళములు.

ఇప్పుడు మీ పెట్టెలోని కోణమానిని తీసి ఒక్క డిగ్రీ యెంతయో చూడుడు. కాగితముమీద రెండు గీతలు దాదాపు అంటుకొనియే యుండును. కాని ఆ రెండు గీతలను అఱువది అడుగులు పొడిగించినచో వాని నడిమి యెడము ఒక అడుగును దాటును. ప్లేటు నడిమినుండి అంచునకు గల దూరము ఎనిమిదిన్నర అంగుళములే గదా! కాబట్టి ప్లేటు నడిమికి గుఱిచూచి విసరినవాని చేయి ఒక్క డిగ్రీ తప్పినను బంతి ప్లేటును విడిచి పోవును. రేఖాగణితము తరగతి గదిలోనే ముగిసిపోవు విద్య కాదని దీనివలన గ్రహింపుడు.

కాలము సంగతియు నట్టిదే. గంటకు 90 మైళ్ల వేగముతో పోవు బంతి సెకండునకు 132 అడుగులు పోవును. పిచ్చరు ముందునకు అడుగువేసి వదలును గనుక బంతి పోవలసిన దూరము సుమారు 55 అడుగులే. అనగా అర సెకండు గడువకముందే బంతి చేరవలసిన చోటికి చేరును. చేయి వంపుతిరిగిన మార్గమున అతివేగముగా వచ్చుచుండగా, వ్రేళ్లు బంతిని సెకండులో కొన్ని సహస్రాంశములు ముందుగా విడిచినచో బంతి తలమీదుగా పోవును. ఆలస్యముగా విడిచినచో నేలను కొట్టును. ఇంతటి సూక్ష్మమైన పనిని మనస్సు ఆలోచించి చేయలేదు. దేహమే దానిని అలవాటుగా చేయవలెను. అందువలన “గుఱిచూచి వేయుము” అని ప్రక్కనుండి కేకలు వేయుటవలన ప్రయోజనము లేదు. గుఱి చూడనివాడెవడు? చూచిన గుఱికి చేయి లొంగకుండుటయే అతని కష్టము.

దారి తప్పుటకు కారణములు ముఖ్యముగా నాలుగు. ముందు పాదము ప్రతిమాఱును వేఱువేఱు చోట్ల పడుట మొదటిది. విసరునప్పుడు తల ప్రక్కకు లాగుకొనిపోయి కన్ను గుఱిని విడుచుట రెండవది. బలమంతయు చూపవలెనను ఆత్రముతో బంతిని బిగియబట్టి, మెడను భుజమును కొయ్యవలె చేసికొనుట మూడవది. నాలుగవది ఎదుగుదల. ఒక యేటిలో మూడంగుళములు పెరిగిన బాలుని చేయి నిరుటి చేయి కాదు. దాని పొడవు, బరువు మాఱినవి. అతడు నేర్చినదానిని మరల నేర్చికొనవలెను. ఇట్టివానిని చూచి “నిరుడు బాగుగా వేసెను, ఈ యేడు అశ్రద్ధ చేయుచున్నాడు” అనుట న్యాయము కాదు.

2. మన నగరపు ఉదాహరణము

దూరదేశములకు పోకముందు మన హైదరాబాదులోని ఉదాహరణమును చూతము. మహమ్మదు సిరాజు 1994వ సంవత్సరము మార్చి 13వ తేదీన ఈ నగరమున జన్మించెను. తండ్రి మహమ్మదు గౌసు ఆటోరిక్షా నడిపి కుటుంబమును పోషించెను. సిరాజునకు చిన్ననాట క్రమమైన శిక్షణ లేదు. మన తార్నాక బాలురవలెనే టెన్నిసు బంతితో ఆడి వేగము సంపాదించెను. 2015వ సంవత్సరము నవంబరులో హైదరాబాదు పక్షమున రంజీ పోటీలలో ప్రవేశించెను. 2016–17లో భరత్ అరుణ్ హైదరాబాదు జట్టునకు శిక్షకుడై యుండగా, ఆ యేటి రంజీ పోటీలలో 41 వికెట్లు తీసెను. 2017 ఫిబ్రవరిలో ఐ.పి.ఎల్. వేలమున నగర జట్టువారు 2 కోట్ల 60 లక్షల రూపాయలకు అతనిని తీసికొనిరి.

ఇంతవఱకు కథ సుఖముగా నున్నది. ఇక వినుడు. 2017 నవంబరు 4వ తేదీన రాజకోటలో న్యూజీలాండుతో జరిగిన ఇరువది ఓవర్ల యాటలో భారతదేశము తరపున మొదటిమాఱు ఆడి, నాలుగు ఓవర్లలో 53 పరుగులిచ్చెను. 2019 ఏప్రిల్ 5వ తేదీన బెంగుళూరు జట్టు తరపున ఆడుచు, నేలను తాకక నడుమునకు పైగా పోవు అపాయకరమైన బంతులు రెండు వేసెను. నియమము ననుసరించి ఆ యాటలో అతనిని మరల బంతి వేయనీయలేదు. క్రికెట్టు మాని తండ్రితో కూడ ఆటో నడుపుకొమ్మని జనులు తన్ను గేలిచేసిరని అతడే తరువాత చెప్పెను.

జనుల మాట విని ఆ జట్టువారు అతనిని విడిచియుండిన యెడల, సిరాజు పేరు నేడు మన మెఱుగకపోయెడివారము. వారు విడువలేదు. 2020 అక్టోబరు 21వ తేదీన అబూధాబిలో కోల్‌కతా జట్టుపై అతడు నాలుగు ఓవర్లు వేసి, ఎనిమిది పరుగులిచ్చి, మూడు వికెట్లు తీసెను. అందు రెండు ఓవర్లలో ఒక్క పరుగును లేదు. ఒకే ఐ.పి.ఎల్. ఆటలో రెండు ఓవర్లు పరుగులేకుండ వేసినవాడు అతనికి ముందెవ్వడును లేడు. ఏడాదిన్నర క్రిందట బంతి వేయనీయక పంపబడిన చేయియే యిది. ఆనాడు ఎదుటనుండినదియు ఈ కోల్‌కతా జట్టే.

తరువాతి నెలలోనే, అతడు జట్టుతో ఆస్ట్రేలియాలో నుండగా, ఇచ్చట తండ్రి మరణించెను. సిరాజు జట్టును విడిచి రాలేదు. డిసెంబరు 26వ తేదీన మెల్బోర్నులో తన మొదటి టెస్టు ఆడెను. మూడు టెస్టులలో 13 వికెట్లు తీసెను. 2021 జనవరిలో బ్రిస్బేను నగరమున ఒకే ఇన్నింగ్సులో 73 పరుగులకు ఐదు వికెట్లు గొనెను. 2023 సెప్టెంబరు 17వ తేదీన కొలంబోలో ఆసియా కప్పు తుదిపోటీలో, ఒకే ఓవరులో నలుగురిని పంపివేసి, మొత్తము 21 పరుగులకు ఆఱు వికెట్లు తీసెను. శ్రీలంక జట్టు 50 పరుగులకే ముగిసెను.

2025వ సంవత్సరము ఇంగ్లండులో జరిగిన ఐదు టెస్టులలోను ఆడి, వేయికి మించిన బంతులు వేసి, 23 వికెట్లు తీసెను. చివరిదైన ఓవల్ టెస్టులో ఆగస్టు 3వ తేదీన హ్యారీ బ్రూక్ కొట్టిన బంతిని చక్కగా పట్టియు, వెనుకకు అడుగువేసి సరిహద్దును త్రొక్కెను. అప్పుడు 19 పరుగులమీదనున్న బ్రూక్ 111 వఱకు పోయెను. మఱునాటి యుదయమున ఆ సిరాజే చివరి వికెట్టును పడగొట్టగా భారతదేశము ఆఱు పరుగుల తేడాతో గెలిచెను. జరిగినదానిని మరల మరల తలపోయక తరువాతి బంతికి సిద్ధపడుట కూడ అదుపులో నొక భాగమే. చేతికి అదుపు వచ్చినవానికి మనస్సునకు కూడ అది రావలెను.

ఈ చరిత్రయందు మీరు గుర్తింపవలసినది కాలము. 2015లో పెద్ద పోటీలకు వచ్చినవాడు 2020 వఱకు ఒడుదుడుకులు పడెను. ఆ యైదేండ్లలో ఎవ్వరును అతని వేగమును తీసివేయలేదు. పరుగులు పోవుచున్నను అతని చేతికి బంతి నిచ్చువారుండిరి.

3. అమెరికా దేశపు ఇద్దరు

బేస్‌బాల్ పుట్టి పెరిగిన అమెరికాలో ఇదే చిక్కు పడిన ఇద్దరి కథలను ప్రక్కప్రక్కన నుంచి చదువదగును. ఇద్దరును ఎడమచేతి వాటమువారే.

శాండీ కూఫాక్సు 1955లో పందొమ్మిదవ యేట బ్రూక్లిన్ డాడ్జర్సు జట్టులో ప్రవేశించెను. అధిక ధనమిచ్చి తీసికొన్న యువకుని రెండేండ్లు పెద్ద జట్టులోనే యుంచవలెనను నియమము అప్పుడుండెను. అందువలన చిన్న పోటీలలో ఆడి నేర్చుకొను అవకాశము అతనికి లేకపోయెను. పెద్ద పోటీలలో అతనిని నమ్మి బంతి యిచ్చుటయు అరుదు. బల్లమీద కూర్చున్నవానికి గుఱి యెట్లు వచ్చును? మొదటి ఆఱేండ్లలో అతని లెక్క 36 గెలుపులు, 40 ఓటములు. 1960లో 175 ఇన్నింగ్సులలో నూఱుమందిని చెడుబంతులవలన ఊరక బేసునకు నడిపించెను.

1961 వసంతకాలమున ఒక అభ్యాసపు ఆటలో అతడు మరల గుఱి తప్పుచుండగా, బంతి పట్టువాడైన నార్మ్ షెర్రీ దగ్గఱకు వచ్చి, అంత బలముగా వేయవలదనియు, కొంచెము తేలికగా విడువుమనియు చెప్పెను. కూఫాక్సు అట్లు చేయగా బంతి చెప్పిన చోటికి పోయెను. వింత యేమనగా, కండరములు సడలినందున వేగము తఱుగలేదు. ఆ యేడు 255 ఇన్నింగ్సులకు పైగా వేసి 96 మందినే ఊరక నడిపించి, 269 మందిని మూడేసి స్ట్రైకులతో పంపివేసెను. 1963లో 311 ఇన్నింగ్సులలో ఊరక నడిచినవారు 58 మంది మాత్రమే. 1961 మొదలు 1966 వఱకు 129 గెలుపులు, 47 ఓటములు.

రెండవవాడు స్టీవ్ డల్కౌస్కీ. అతనికన్న వేగముగా విసరినవానిని చూడలేదని ఆ కాలపు ఆటగాండ్రు అనేకులు చెప్పిరి. 1960లో చిన్న పోటీలలో 170 ఇన్నింగ్సులు వేసి 262 మందిని స్ట్రైకులతో పంపెను. సరిగా 262 మందినే ఊరక నడిపించెను! అతనికి ఎందఱో ఎన్నో చెప్పిరి. 1962లో ఎర్ల్ వీవర్ అను నిర్వాహకుడు బోధలన్నిటిని తగ్గించి, రెండు విధములైన బంతులనే వేయించి, పనిని సులభము చేయగా అతని అదుపు చాల మెఱుగయ్యెను. కాని మఱుసటి వసంతమున మోచేతికి దెబ్బ తగిలి ఆ వేగము పోయెను. పెద్ద పోటీలలో ఒక్క ఆటయు ఆడకయే 1965లో అతని ఆట ముగిసెను. అతడు 2020లో మరణించెను.

ఒకడు శ్రమించెను, రెండవవాడు శ్రమింపలేదని ఈ కథలకు అర్థము చెప్పరాదు. ఇద్దరును శ్రమించిరి. ఇద్దరికిని ఉపకరించినది ఒక్కటే: నమ్మదగిన మనుష్యుడొకడు వచ్చి చెప్పిన ఒక సులభమైన మాట. ఒకనికి ఆ మాట తరువాత కాలము మిగిలెను, రెండవవానికి మిగులలేదు. కాబట్టి ఆ మాటను త్వరగా చెప్పుడు. చెప్పునంతవఱకు చేతిని కాపాడుడు.

మన దేశమున కూడ ఇట్టి ప్రయత్నము జరిగినది. 2008లో వేగముగా బంతి విసరువారిని వెదకుటకు ఇచ్చట జరిపిన పోటీలో, ఈటె విసరుటయందు అభ్యాసముగల రింకూ సింగు, దినేశ్ పటేలు అను ఉత్తరదేశపు యువకులు ఎన్నుకొనబడిరి. అంతకుముందు వారు బేస్‌బాల్ ఎఱుగరు. అమెరికాలో కొన్ని మాసములు శిక్షణ పొందిన తరువాత, ఆ యేడే పిట్సుబర్గు పైరేట్సు సంస్థవారు వారిని చేర్చుకొనిరి. బలముగల చేయి ఏ పల్లెయందైన దొరకవచ్చునని దీనివలన తెలియుచున్నది. దొరికిన తరువాత చేయవలసిన పని వేఱే యున్నది.

4. అభ్యాసక్రమము

ఈ క్రమమును ఖరీదైన పరికరములు లేకుండ ఏ మైదానమునందైనను నడపవచ్చును.

మొదట దూరము తగ్గింపుడు. ముప్పది అడుగుల దూరమునుండి సగము బలముతో, బంతి పట్టువాని చేతితొడుగునకు విసరుడు. పదింటిలో ఎనిమిది చేరినచో ఐదడుగులు వెనుకకు జరుగుడు. చేరనిచో జరుగవలదు. నిండు దూరమున నిండు బలముతో మొదలుపెట్టిన బాలుడు తప్పులనే అభ్యాసము చేయుచున్నాడు.

రెండవది, మోకాలిమీద నిలిచి విసరుట. కుడిచేతివాడు కుడిమోకాలు నేలనుంచి, ఎడమపాదము ముందుంచి విసరవలెను. కాళ్ల పని తొలగుటచేత భుజము, మోచేయి, వ్రేళ్లు క్రమముగా కదలుట తెలిసివచ్చును.

మూడవది, పాదముద్ర. నిలుచు చోటినుండి గుఱివైపు మట్టినేలమీద సున్నముతో ఒక గీత గీయుడు. విసరిన పిమ్మట బంతి యెచ్చట పడెనో చూచుటకు ముందు, ముందు పాదపు ముద్ర ఎచ్చట పడెనో చూడుడు. పది ముద్రలు ఒకదానిపై నొకటి పడుచున్నచో సగము అదుపు వచ్చినట్లే. ముద్రలు కోడి గెలికిన నేలవలె చెదరియున్నచో చేతిని తప్పుపట్టి లాభము లేదు.

నాలుగవది, చిన్న గుఱి. ప్లేటును చూడవలదు, బంతి పట్టువాని చేతితొడుగును చూడుడు. తొడుగంతయు కాక దాని నడిమి మడతను చూడుడు. విసరుచున్న సమయమున మనస్సు గుఱిమీద నుండవలెనే గాని మోచేతిమీద నుండరాదు. తన అవయవములను గూర్చి ఆలోచించువానికన్న చేరవలసిన చోటును గూర్చి ఆలోచించువాడే బాగుగా చేయునని క్రీడాశాస్త్ర పరిశోధనలు పెక్కింటివలన తెలిసినది. దోషములను దిద్దుటకు అభ్యాసకాలము కలదు. ఆటలో గుఱి మాత్రమే కలదు.

ఐదవది, వేగమును మఱువకుండుట. ప్రతిదినము చివర నాలుగైదు బంతులు నిండు బలముతో వేయింపవలెను. అవి ఎచ్చటికి పోయినను ఏమియు అనరాదు. నెలలతరబడి మెల్లగా వేయించినచో బాలునికి గుఱి వచ్చునేమో గాని ఉన్న వరము పోవును.

ఆఱవది, బంతికిని బంతికిని నడుమ విరామము. గుఱి తప్పినవాడు సిగ్గుచేత తొందరపడి వెంటనే మఱొకటి విసరును, అదియు తప్పును. తప్పిన తరువాత ఒక అడుగు వెనుకకు వేసి, ఊపిరి నిండుగా విడిచి, బంతి కుట్టును వ్రేళ్లతో వెదకి, అప్పుడు గుఱిని చూడవలెను. ప్రతిమాఱును ఈ క్రమము మాఱరాదు.

ఏడవది, లెక్కపుస్తకము. ఒక పుటను నాలుగు గడులుగా గీసి, పైన, క్రింద, ఎడమ, కుడి అని వ్రాయుడు. తప్పిన ప్రతి బంతికిని ఆయా గడిలో ఒక గీత పెట్టుడు. వారము చివర చూచినచో రోగము దానంతట అదే చెప్పును. గీతలు పై గడిలో గుమిగూడినచో బంతి ముందుగా విడువబడుచున్నది. క్రింది గడిలో నున్నచో ఆలస్యమగుచున్నది. కుడిచేతివానికి పైనను కుడివైపునను కలిసి పడుచున్నచో, ఎడమభుజము ముందే తెఱచుకొనిపోయి చేయి వెనుకబడుచున్నదేమో చూడుడు. నాలుగు గడులలోను సమానముగా నున్నచో పాదముద్రకు మరల పోవలెను. ఒక్కొక్క వారమున ఒక్కొక్క దోషమునే దిద్దుడు. ఒకేసారి నాలుగు సంగతులు చెప్పబడిన బాలుడు నాలుగింటిని చెడగొట్టుకొనును.

5. చేతిని కాపాడుట

అభ్యాసము మంచిదని మితిలేకుండ చేయరాదు. ఎదుగుచున్న ఎముకల చివరలయందు ఇంకను గట్టిపడని మెత్తని భాగము లుండును. మోచేతికిని భుజమునకును ఒత్తిడి మిక్కుటమైనచో అచ్చటనే గాయమగును. అమెరికాలో బాలపిచ్చరులకు ఏర్పఱచిన మార్గదర్శకములను మన పాఠశాలలు కూడ అనుసరింపదగును. 13 మొదలు 16 ఏండ్ల వయసువారు ఒక దినమున ఆటలో 95 బంతులకు మించి వేయరాదు. 14 ఏండ్లు లేక అంతకు తక్కువ వయసుగలవాడు 66 బంతులు గాని అంతకు మించి గాని వేసినచో నాలుగు దినములు విశ్రమింపవలెను. 15, 16 ఏండ్లవానికి ఈ నియమము 76 బంతులనుండి వర్తించును. ఇవి మీఱరాని హద్దులే గాని చేరవలసిన గమ్యములు కావు.

అలసిన చేయి గుఱి తప్పును. తప్పిన గుఱిని దిద్దుటకై మరి యిరువది బంతులు వేయించుట గాయమును పిలుచుటయే. భుజమున గాని మోచేతియందు గాని నొప్పి యున్నదని బాలుడు చెప్పినచో ఆనాటికి ఆట ముగిసెను. నొప్పి తగ్గకున్నచో వైద్యునికి చూపవలెను. నొప్పిని దాచుట శౌర్యము కాదు. నిద్ర, నీరు, పప్పు, గ్రుడ్డు, పాలు, ఆకుకూరలు కూడ శిక్షణలోని భాగములే. జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే యుండగా మన పిల్లలు టీనీళ్లు త్రాగి మైదానమునకు వచ్చుట శోచనీయము.

6. పెద్దలకు నాలుగు మాటలు

ఈ యేడు మన పాఠశాలలో పదవ తరగతి చదువు ఒక బాలుడు కలడు. మనలో బేస్‌బాల్ ఆడువారు కొలదిమందియే. వారిలో నితనివలె విసరగలవాడు లేడు. బంతి పట్టువాని అఱచేయి ఎఱ్ఱబాఱును. కాని ఆ బంతి పట్టువాని తలమీదుగా పోయినదో, బ్యాటు పట్టినవాని ప్రక్కటెముకలవైపు పోయినదో ముందుగా చెప్పుట కష్టము. అతనిని జట్టునుండి తీయవలెనని తోటి యాటగాండ్రు కోరిరి. వారి కోరిక ద్వేషమువలన పుట్టినది కాదు. వారికిని గెలుపు కావలెను, దెబ్బలు తగులకుండ ఇంటికి పోవలెను. బాలుని తండ్రి లాలాగూడ రైల్వే కర్మాగారమున పనిచేయును. ఆయన ఒకనాడు వచ్చి, “మాస్టరుగారూ, పరీక్షలు దగ్గఱకొచ్చాయి. వీడికి రాని విద్య కోసం ఉన్న చదువు పోగొట్టడమెందుకండీ?” అని యడిగెను.

ఆయనకు నేను లెక్కపుస్తకము చూపితిని. గీతలు దాదాపు అన్నియు పై గడిలోనే యున్నవి. ఆయన కొంతసేపు దానిని చూచి, “అంటే వీడు ఒకే తప్పు చేస్తున్నాడన్నమాట. పదిరకాల తప్పులు కాదు. ఆకురాయి పట్టిన కొత్తవాడూ ఇంతేనండి, బిగబట్టి రాస్తే కొలత తప్పుతుంది” అనెను. అప్పటినుండి శనివారము ఉదయమున ప్రాంగణపు మైదానమునకు తానే వచ్చి, గోడప్రక్కన కూర్చుండి పుస్తకములో గీతలు పెట్టుచున్నాడు. ఒక గంట ఆట, తరువాత ఇంటివద్ద రెండు గంటలు చదువు అని తండ్రీకొడుకులు ఒప్పుకొనిరి.

ఇది వ్రాయునాటికి ఆ బాలునికి గుఱి పూర్తిగా రాలేదు. కొన్ని దినములు వచ్చును, కొన్ని దినములు పోవును. అయినను బంతి తప్పిన తరువాత అతడు మావైపు చూచుట మానెను. మునుపు తప్పిన ప్రతిమాఱును ఎవరు తిట్టుదురోయని చూచెడివాడు. ఇప్పుడు పాదముద్రను చూచుకొనుచున్నాడు. నా దృష్టికి ఇది పెద్ద మార్పు. వెఱపుతో బిగిసిన చేయి ఏనాటికిని అదుపునకు రాదు.

కావున వ్యాయామోపాధ్యాయులకును తల్లిదండ్రులకును నా మనవి. ఇట్టి బాలుని ముందుగా నిర్ణయించి ఆడింపుడు: “ముగ్గురికి నీవు బంతి వేయుదువు; ఏమి జరిగినను మధ్యలో తీసివేయము” అని చెప్పుడు. ఆట చిక్కుననున్న చివరి ఘట్టమున హఠాత్తుగా పంపి, తప్పినచో నిందింపకుడు. బ్యాటు పట్టువారికి శిరస్త్రాణము లేకుండ అతని యెదుట నిలుపకుడు. ఒకని విద్యకు మఱొకని తల వెల కారాదు. వేగము తగ్గించుమని చెప్పుటకు ముందు బిగువు తగ్గించుమని చెప్పుడు. అతడు నేడు ఎన్ని తప్పెనని కాక, క్రిందటి వారముకన్న ఎన్ని తక్కువ తప్పెనని అడుగుడు.

విద్యార్థులారా, మీలో చేతివ్రాత గీత దాటిపోవువారున్నారు. నోట మాట తొందరపడి జాఱువారున్నారు. లెక్క వేగముగా చేసి తుదిలో ఒక అంకెను తప్పువారున్నారు. మీకును ఈ పాఠము చెల్లును. వేగము కలవానికి అదుపు నేర్పవచ్చును. పాదమెచ్చట పడుచున్నదో ఓర్పుతో చూచుకొనుడు. గుఱిని చిన్నది చేసికొనుడు. తప్పిన బంతిని విడిచి తరువాతి బంతిని చేతికి తీసికొనుడు.

అభ్యాసము

1. అఱువది అడుగుల దూరమున ఒక డిగ్రీ తప్పినచో బంతి ఎంత దూరము ప్రక్కకు పోవును? ముప్పది అడుగుల దూరమున ఎంత? మొదట దగ్గఱనుండి అభ్యసింపవలెననుటకు దీనినుండి కారణము చెప్పుడు.

2. 2019 ఏప్రిల్ మాసమునకును 2020 అక్టోబరునకును నడుమ సిరాజు కథలో పెద్దలు చేసిన మేలు ఏది?

3. కూఫాక్సునకు నార్మ్ షెర్రీ చెప్పిన మాటకును, “మెల్లగా వేయుము” అను మాటకును గల భేదమును మీ మాటలలో వ్రాయుడు.

4. ఒక బాలుని లెక్కపుస్తకములో పైన 11, క్రింద 2, ఎడమ 1, కుడి 3 గీతలున్నవి. అతని దోషమేమి? ఈ వారము అతనిచేత ఏమి చేయింతురు?

5. పదునైదేండ్ల బాలుడు శనివారము ఆటలో 80 బంతులు వేసెను. సోమవారము పోటీలో అతనిని పిచ్చరుగా నిలుపవచ్చునా? కారణము చెప్పుడు.